పసుపు ఆరేదాకా

కిటికీలో చిన్న ఫ్యాన్ తిరిగింది.

కరెంటు లేదు. దానికి ఏ తీగా తగిలించి లేదు. అరచేతికన్నా కాస్త పెద్దది. నల్లటి చట్రం. కిటికీ ఊచకి నూలుపోగుతో కట్టి ఉంది. కాలువ మీంచి గాలి వచ్చింది. ముందు గట్టు మీద కొబ్బరాకులు కదిలాయి. తరవాత అది కదిలింది.

ఒక చుట్టు... ఇంకో చుట్టు... ఆగింది.

వీరదుర్గ దానివంక చూసింది. మళ్లీ రాట్నం తిప్పింది.

పధ్నాలుగేళ్ల పిల్ల. బండారులంకలో నేతింటి పిల్ల. బడి నుంచి రాగానే సంచీ మేకుకి తగిలిస్తుంది. కాళ్లు కడుక్కుంటుంది. రాట్నం ముందు కూర్చుంటుంది. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమచేతి వేళ్ల మధ్య నూలు జారుతుంది. చిన్న గొట్టం మీదకి దారం ఎక్కుతుంది... లావెక్కుతుంది... కండె అవుతుంది. కండె నాడెలో కూర్చుంటుంది. నాడె మగ్గంలో అటూ ఇటూ పరుగెడుతుంది. చీర అవుతుంది.

తండ్రి సాయిబాబు మగ్గానికి చుట్టే కండెలకి కూలి లేదు. అది ఇంటిపని. వీధిలో మిగతా మగ్గాలకి చుట్టేవాటికి కూలి ఉంది.

ఆ కూలితో ఆమె కంప్యూటర్ కట్టుకుంటోంది.

కొనుక్కోవడం కాదు. కట్టుకోవడం. గోడ తరవాత గోడ లేచినట్టు, ముక్క తరవాత ముక్క.

ఆటలు ఆడుకునే కంప్యూటర్.

చదువు కోసం అని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ఎవరడిగినా ఒకటే మాట — "ఆడుకోడానికండి."

*

అదంతా గడ్డితో మొదలైంది.

వేసవి సెలవుల్లో అమలాపురం వెళ్లింది. మేనమామ కొడుకు ఆకాష్ గదిలో పెద్ద తెర. తెర మీద ఆట. గుర్రమెక్కి ఒకడు కొండ దిగుతున్నాడు. వాన పడుతోంది. ఆకాష్ చూపంతా కత్తుల మీద ఉంది.

వీరదుర్గ గడ్డిని చూసింది.

కొండ నిండా గడ్డి. ఒక్కో పోచా విడివిడిగా ఊగుతోంది. ఒక పోచ ఊగినట్టు ఇంకో పోచ ఊగడం లేదు. గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పొచ్చు. ఎక్కడ ఆగిందో కూడా చెప్పొచ్చు.

పుట్టిన దగ్గర్నుంచీ మగ్గం మీద పోగుల్ని చూసిన కళ్లు. ఒక పోగు తెగితే పట్టేస్తాయి. ఆ కొండ మీద తెగిన పోగు ఒక్కటి దొరకలేదు.

"బావా, ఒక్కసారి ఆపవా. గడ్డి చూడాలి."

"గడ్డేంటే? మీ బండారులంకలో గేదెలు మొత్తం మేసేసేయా?"

నవ్వలేదు. కోపగించుకోలేదు. తెరకి దగ్గరగా జరిగింది.

'ఇది ఎవరో నేసేరు,' అనుకుంది.

ఇంటికి వచ్చింది. తండ్రి పాత ఫోన్లో ఆ ఆట రాదు. చిన్న ఆట పెడితేనే ఫోన్ కాలిపోతుంది... బిగుసుకుపోతుంది. అయినా ఎవరినీ ఏమీ అడగలేదు. రాట్నం ముందు కూర్చుంది.

అడగకపోవడం. అదీ ఆ పిల్ల.

తల్లి నాగదుర్గ మస్కట్లో ఒకరింట్లో వంట చేస్తుంది. శుక్రవారం ఫోన్లో కనిపిస్తుంది.

"ఎంతవుద్దే అది? నేను పంపుతాను."

"వద్దమ్మా."

"ఆకాష్‌కి వాళ్ల నాన్న కొనలేదేంటి?"

"కొన్నారు. అందుకే బావకి దాని లోపల ఏముందో తెలీదు."

తల్లి నవ్వింది. "అచ్చం మీ మామ్మేనే నువ్వు. మొండిఘటం."

వంటింట్లోంచి గొంతు వచ్చింది. "నాకు వినబడుతుందే నాగదుర్గా!"

*

మామ్మ పేరు సత్యవతి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఇప్పుడు కళ్లు ఆనడం లేదు. నోరు మాత్రం బాగా ఆడుతుంది.

ఆవిడ లెక్కలో ఇంట్లో వస్తువులు రెండే రకాలు. పనిముట్లు. మిగతావి. పనిముట్టుకి కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి. మిగతావాటిని చీపురుతో నెట్టినా ఏం కాదు.

ఫ్యాన్ మొదట వచ్చింది. అన్నిటికన్నా చవక అదే కాబట్టి. అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే మోహన్ దుకాణంలో కొంది. మామ్మ దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"దీని గాలికి దోమ కూడా లేవదే."

"ఇది మనకి కాదు మామ్మా. కంప్యూటర్‌కి. ఆడుతుంటే వేడెక్కుద్ది కదా, దానికి."

"దానికి చెమటలు కూడా పడతాయేంటి? పని చేసేదానికి పట్టాలి గానీ!"

చీపురు రకంలో వేసేసింది.

వీరదుర్గ ఫ్యాన్‌ని కిటికీకి కట్టింది. గాలి వస్తే తిరిగేది. గాలి లేకపోతే ఆగేది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు.

జరీ వచ్చిన ఖాళీ డబ్బా ఒకటి ఉంది. అందులో కూలి పడేది. డబ్బా నిండేది. ఒక ముక్క ఇంటికి వచ్చేది. డబ్బా ఖాళీ అయ్యేది. మళ్లీ మొదలు. కాలువ కూడా అంతే. వేసవిలో కట్టేస్తారు. బురద బయటపడుతుంది. ఇంక నీళ్లు రావేమో అనిపిస్తుంది... ఒకరోజు పొద్దున్న లేచేసరికి గట్టు నిండా ఉంటుంది.

ఎవరో వాడి వదిలేసిన పెట్టె వచ్చింది. కరెంటు అందించే డబ్బా వచ్చింది. చూపుడువేలంత మెమరీ పలక వచ్చింది. కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్ వచ్చింది. పుట్టినరోజుకి గౌను వద్దంది. ఊరి తీర్థంలో అమ్మే జీళ్లు వద్దంది. నూలు ఒరుసుకుని వేలి మీద గాటు పడింది. పసుపు అద్దుకుంది. చుట్టింది.

మదర్‌బోర్డు వచ్చిన రోజు మాత్రం రాట్నం ముట్టుకోలేదు.

నల్లటి పలక. దాని మీద బంగారు గీతలు. సన్నగా, పక్కపక్కనే, ఎక్కడా కలవకుండా, మలుపు దగ్గర అన్నీ ఒకేసారి తిరిగి... మిగతా ముక్కలన్నీ దీని మీదే కూర్చుంటాయి. డబ్బా అన్నిసార్లూ నిండింది దీనికోసమే.

"మామ్మా, చూడు. జరీ అంచులా లేదూ?"

మామ్మ కళ్లజోడు పెట్టుకుంది. వెలుతురు దగ్గరికి తీసుకెళ్లింది. గీతల వెంట గోరు నడిపింది.

"ఎవరు నేసేరే ఇది?"

"మిషను మీద చేస్తారు మామ్మా."

"మిషను దగ్గర మనిషుంటాడు కదే." రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. "తొందరపడి బిగించేయకు. దసరా దగ్గరికొచ్చింది. మంచిరోజు."

రెండు చేతులతో ఇచ్చిందని వీరదుర్గ గమనించలేదు.

*

దసరా రోజు బండారులంకలో చప్పుడు ఉండదు. మగ్గాలు ఆగుతాయి. ఆ నిశ్శబ్దానికి వీధి వీధంతా కొత్తగా ఉంటుంది.

ఆ రోజు మగ్గానికి పూజ. నాడెకి పూజ. రాట్నానికి, కత్తెరకి, దేనితో బతుకుతామో దానికల్లా పూజ. తుడుస్తారు. పసుపు రాస్తారు. బొట్టు పెడతారు. ఒక నియమం ఉంది — పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున్న దాకా ఎవరూ కదపకూడదు. ఆ ఒక్కరోజూ దానికి విశ్రాంతి.

వీరదుర్గ, తండ్రీ తెల్లారగట్లే బండి మీద అమలాపురం వెళ్లారు. చివరి ముక్క తేవాలి. గ్రాఫిక్స్ కార్డు. బొమ్మల్ని కదిలించేది అదే. గడ్డిని ఊపేది అదే.

తిరిగి వస్తుంటే వాన. కార్డుని గుడ్డలో చుట్టి, పొట్టకి ఆనించుకుని, రెయిన్‌కోటు బొత్తాలు గొంతుదాకా పెట్టుకుంది. ఆమె తడిసింది. అది తడవలేదు.

ఇంట్లో అడుగు పెట్టింది.

ఆగిపోయింది.

మగ్గం ముందు పీట. పీట మీద నాడె. కత్తెర. కండెలు. వాటి మధ్యన, అన్నిటికన్నా ఎత్తుగా, ఇత్తడి పళ్లెంలో —

మదర్‌బోర్డు.

ఒంటినిండా పసుపు. తడి పసుపు. నడిమధ్యన కుంకుమ బొట్టు. మీద బంతిపువ్వు. పసుపునీళ్లు బంగారు గీతల మీదుగా జారి, కార్డు కూర్చునే పొడవాటి గాడిలోకి... మెల్లగా... దిగుతున్నాయి.

మామ్మ మొహం వెలిగిపోతోంది.

"నీ పనిముట్టు కూడా పెట్టేనే అమ్మడూ! దుమ్ముందని తడిగుడ్డతో తుడిచి మరీ పెట్టేను."

సాయిబాబు ముందుకి కదిలాడు. "అమ్మా, అది..."

వీరదుర్గ తండ్రి చొక్కా పట్టుకుంది.

పనిముట్టు. ఆ మాట ఆమెకి వినబడింది. ఏడాదిగా చీపురు రకంలో ఉన్న కంప్యూటర్, ఇవాళ నాడె పక్కన కూర్చుంది.

"బాగుంది మామ్మా," అంది.

తండ్రి చొక్కా వదిలింది.

మామ్మ ప్రసాదం తేవడానికి లోపలికి వెళ్లగానే తండ్రి గొణిగాడు. "ఎత్తేయనా తల్లీ? ఇప్పుడే ఆరబెడితే..."

"వద్దు నాన్నా. కదిపితే మళ్లీ ఆటవస్తువైపోద్ది."

తడి బట్టలు మార్చుకుంది. తాటాకు విసనకర్ర తీసుకుంది. పీట ముందు కూర్చుంది. తాకలేదు. కదపలేదు.

విసరడం మొదలుపెట్టింది.

బయట వాన. చూరు కారుతోంది. గాలిలోనే నీళ్లున్నాయి. ఆ గాలినే ఆమె పోగు చేసి, పసుపు మీదకి పంపుతోంది. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చింది. రాట్నం తిప్పిన చెయ్యి. దానికి అలుపు తెలుసు. అలుపు తరవాత ఏముంటుందో కూడా తెలుసు.

మామ్మ వచ్చింది. "ఏంటే? అమ్మవారికి విసురుతున్నావా?"

"ఆయ్."

మామ్మ నవ్వబోయింది. నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుంది. గాడిలో నిలిచిన పసుపునీళ్లు చూసింది. కొడుకు మొహం చూసింది. మనవరాలి చెయ్యి చూసింది.

"దానికి తడి తగలకూడదా?"

వీరదుర్గ తలెత్తలేదు. విసనకర్ర ఊగుతూనే ఉంది.

"నోరిప్పవేంటే! నా మగ్గాన్ని నన్నడక్కుండా ఎవరన్నా ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టేదాన్ని. నన్ను ఒక్క మాటన్నా అనవా?"

విసనకర్ర రెండో చేతిలోకి మారింది.

"తీసెయ్యి తల్లీ. అమ్మవారేం అనుకోదు."

"పొద్దున్నే తీద్దాం మామ్మా. పనిముట్టు కదా."

ముసలావిడ అక్కడే కూలబడింది. కాసేపటికి చెయ్యి చాపి గోడవారనున్న రెండో విసనకర్ర అందుకుంది.

రెండు చేతులు. ఒక గాలి.

*

మర్నాడు పొద్దున్నే వీరదుర్గ మోహన్‌కి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"చీమలు పట్టిన బోర్డు చూసేను. బల్లి గుడ్లు పెట్టింది చూసేను. బొట్టు పెట్టింది ఇదే మొదలమ్మా."

"బతుకుద్దాండీ?"

"చెప్పలేను. స్పిరిట్‌తో మెత్తగా కడుగు. ఎండలో పెట్టకు, నీడలో ఆరబెట్టు. పూర్తిగా ఆరేదాకా కరెంటు మాత్రం తగలనివ్వకు."

నీడలో ఆరబెట్టడం ఆ ఇంటికి ఎవరూ నేర్పక్కర్లేదు. రంగు వేసిన నూలుని అలాగే ఆరబెడతారు. వసారాలో, నీలం నూలు చిలపల పక్కన, చేటలో మదర్‌బోర్డు. మామ్మ కర్ర పట్టుకుని కాపలా. కోడి వస్తే అదిలింపు. పిల్లి వస్తే తిట్టు. పక్కింటి ముత్యాలు వస్తే ఇంకా పెద్ద తిట్టు.

"ఏంటి పిన్నిగారూ, వడియాలాండీ?"

"నీ మొహంలా ఉంది. పనిముట్టు! అవతలుండు, నీడ మాత్రమే పడాలి, నీ చెయ్యి కాదు!"

వాన వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. వీరదుర్గ బడికి వెళ్లింది. వచ్చింది. కండెలు చుట్టింది. తొందరపడలేదు. ఆ వయసుకి తొందరపడకపోవడం ఎంత కష్టమో, ఒకప్పుడు ఆ వయసులో ఉన్న ఎవరినైనా అడగండి.

గాడి ఒక చివర పసుపు మరక మిగిలిపోయింది. ఎంత తుడిచినా పోలేదు.

*

ఆకాశం తెరిపిచ్చిన ఒక సాయంత్రం, బిగించింది.

ఒక్కతే. ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. మెమరీ పలక. ప్రాసెసర్. పసుపు మరక మీదే గ్రాఫిక్స్ కార్డు... టక్ మని కూర్చుంది. తీగలన్నిటినీ పోగుల్లా దువ్వి, ముడిపడకుండా ఎక్కడివి అక్కడికి నడిపింది. ఆకాష్ ఇచ్చిన పాత తెర పక్కన పెట్టింది. చివరికి కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచకి కట్టిన నూలుపోగు విప్పింది. ఫ్యాన్‌ని పెట్టె వెనక బిగించింది.

పెట్టె కిటికీ పక్కనే ఉంది. రాట్నం ఉండే చోట.

సాయిబాబు మగ్గం ఆపాడు. మామ్మ విసనకర్రతో వచ్చి కూర్చుంది. తెలియకుండానే విసురుతోంది... పెట్టె వైపే.

వీరదుర్గ బట్ట మీద చెయ్యి తుడుచుకుంది.

బొత్తాం నొక్కింది.

తెర నల్లగా ఉంది.

నల్లగానే ఉంది.

"తిరుగుతోందే!" అరిచింది మామ్మ. "దుర్గా, తిరుగుతోందే!"

వెనక ఫ్యాన్. ఒక చుట్టు... ఇంకో చుట్టు...

"మామ్మా, విసరడం ఆపు."

మామ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే కాలువ మీంచి గాలి వచ్చింది. గట్టు మీద కొబ్బరాకులు కదిలాయి. వీరదుర్గ లేచింది. మెల్లగా నడిచింది. కిటికీ రెక్కలు దగ్గరికి లాగి, గడియ పెట్టింది.

గదిలో గాలి లేదు. ఇంక తిరిగితే కరెంటుకే తిరగాలి.

గాలికి తిరిగిన ఫ్యాన్ కూడా వెంటనే ఆగదు. ఆ సంగతి ఆమెకన్నా బాగా ఎవరికీ తెలీదు. ఏడాదిగా చూస్తోంది.

వెనక్కి తిరిగింది. నిలబడి చూస్తోంది.

చిన్న ఫ్యాన్ తిరుగుతోంది.

ఒక చుట్టు...

ఇంకో చుట్టు...