నలభై రెండో కొలత

శిడ్లఘట్ట దగ్గర హనుమక్క ఇంట్లో పంకజ పని పొద్దున ఏడింటికే మొదలయ్యేది. పట్టుపురుగుల తట్టల ముందు కూర్చుని ఎన్ని తలెత్తాయి, ఎంత ఆకు తిన్నాయి, ఎంత దూరం పాకాయి అని నలభై ఒక్క కొలతలు రాసుకునేది. వాటిలో పంట బాగోగులు చెప్పేవేవో చిక్కబళ్ళాపురం పట్టుపరిశ్రమ ఆఫీసులో కంప్యూటర్ ఏరుతుంది. అది తేలితే ఇక్కడ పని అయిపోయినట్టే. ఆ తర్వాత బెంగళూరు కంపెనీలో చేరాలి.

పురుగు కుబుసం విడిచే ముందు ఒక రోజు మేత మాని, తలెత్తి కదలకుండా ఉంటుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. పురుగులకు జ్వరమొస్తే హనుమక్కకూ వచ్చేది. ముప్పై ఏళ్ళుగా అంతే. ఆ రోజు ఆమె మొగుడు పిళ్ళప్ప మిరియాల చారు కాచిపెట్టి తోటకు పోయేవాడు. కనబడిందల్లా రాయమన్నారు గనక పంకజ ఆమె ఒంటి వేడిని నలభై రెండో కొలతగా రాసింది.

2006లో మూడు పంటల లెక్కలు పోస్తే కంప్యూటర్ అన్నీ తీసిపారేసి ఆ ఒక్కటే ఉంచింది.

"మంచి కొలత" అన్నాడు ఆఫీసరు భార్గవ. "పురుగు మేత మానినప్పుడు ఆమె ఒళ్ళు కాలితే జ్వరం. కాలకపోతే రోగం. రోగమైతే పంట కాల్చెయ్యాలి, పక్కిళ్ళకు అంటుకుంటుంది."

దాన్ని నాలుగో పంటలో ఒకసారి సరిచూసి పంకజ ఒకటో తేదీన బెంగళూరులో చేరాలి. ఆ పంటలో పురుగులు మేత మానాయి. హనుమక్క నుదురు మాత్రం చల్లగా ఉంది. పంకజ మూడుసార్లు చూసి ఫోన్ చేసింది. కాల్చెయ్యమన్నాడు భార్గవ. పిళ్ళప్ప కిరసనాయిలు డబ్బా తెచ్చాడు.

హనుమక్క గడపలో కూలబడింది. "ఇరవై దినాలు సాకినాను గదమ్మా. యాడ తప్పు చేసినానో చెప్పు."

పంకజ రాసిన కొలతే ఇంత పని చేసింది. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

హనుమక్క ఏడుపు ఆపింది. "నీ చెయ్యి కాలతాండాది గదే తల్లీ."

పంకజ థర్మామీటరు తన నోట్లో పెట్టుకుంది. నూట రెండు. పిళ్ళప్ప డబ్బా గోడవారన పెట్టి మిరియాలు దంచడానికి కూర్చున్నాడు.

"జ్వరమే సార్, కాల్చక్కర్లేదు" అంది పంకజ ఫోన్లో.

"ఆమెకు వచ్చిందా?"

"నాకొచ్చింది. ఆ కొలతకు పేరు మార్చుకోండి."

అవతల కీబోర్డు చప్పుడైంది.

హనుమక్క చాప పరిచింది. "నాకు వయసాయె. ఇంక నీకే వస్తాది."

"బెంగళూరు పోతే?"

"ఆడికీ వస్తాది. చారు కాచేవాళ్ళు ఉండరు, అంతే."

మర్నాడు పురుగులు ఆకు తింటున్న చప్పుడుకు పంకజకు మెలకువ వచ్చింది. ఒళ్ళు చల్లబడింది, ఆకలి దంచేస్తోంది. ఒకటో తేదీ సంగతి ఆమెకు ఐదో తేదీన గుర్తొచ్చింది.