మైకమ్మ మూడో పాఠం

"దయచేసి వినండి. గనుల మీదుగా కొండ దిగువకు వెళ్ళవలసిన బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది," అని ఒకసారి చెప్పి, మధ్యలో ఊపిరైనా పీల్చకుండా అదే మాట అదే రాగంలో రెండోసారి చెప్పి, మైకమ్మ మీట నొక్కింది. ఎర్ర దీపం ఆరింది. మైకుకు ఆనించి నిలబెట్టుకున్న ఫోనులో పాఠం ఆగిన చోటే ఆగి ఉంది. తెరమీది మేడమ్ పాపం సగం నోరు తెరుచుకుని అయిదు నిమిషాలుగా ఎదురుచూస్తోంది. మైకమ్మ వేలితో తాకగానే ఆవిడ వాక్యం పూర్తి చేసింది. "కనుక ప్రశ్న వేశాక, జవాబు కోసం కనీసం అయిదు సెకన్లు ఆగండి."

మైకమ్మకు ఒళ్ళు మండింది. ఆగడమట! ఆ మేడమ్‌ని ఒక్క పూట ఈ అద్దాల గదిలో కూర్చోబెడితే తెలుస్తుంది ఆగడం సంగతి. ఎర్ర దీపం వెలుగుతూ ఉండి మాట రాలేదంటే ఇక్కడ అది తప్పు కింద లెక్క. పక్క గదిలోంచి మేనేజరు పరుగెత్తుకొస్తాడు, మైకు పాడైందా, మనిషి పాడైందా అని. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ ఆ దీపం కింద ఒక్క క్షణం కూడా ఖాళీ ఉంచలేదు. మొదటిసారి నిద్రమత్తులో ఉన్నవాళ్ళకి, రెండోసారి పరధ్యానంలో ఉన్నవాళ్ళకి. ఆ లెక్కన రోజుకు నూట నలభై బస్సుల్ని రెండేసిసార్లు పలుకుతుంది.

మనిషి పొట్టి, కాస్త లావు. కళ్ళజోడు తాడుకు వేలాడుతూ ఉంటుంది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉంటుంది. గొంతు కోసం ఎండాకాలంలో కూడా వేణ్ణీళ్ళే తాగుతుంది. కూర్చునే కుర్చీ ఆవిడ కన్నా పాతది. బస్సు సీట్లు కుట్టే మొగుడు డిపోలో మిగిలిన రెగ్జిను ముక్కలతో దాన్ని మూడుసార్లు బాగుచేశాడు కాబట్టి దాని మీద మూడు రంగులున్నాయి.

అసలు ఆవిడ టీచరు కావలసిన మనిషి. ఇరవై ఒకటో ఏట టీచరు శిక్షణకు ఇంటర్వ్యూ ఉందని బయల్దేరి, ఇదే బస్టాండుకు వచ్చి, బస్సు అందుకోలేకపోయింది. మైకులో చెప్పినవాడు ముక్కుతో గొణిగాడే తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. కడుపు మండి ఈ గదిలోకి దూసుకొచ్చి, మనుషులకు అర్థమయ్యేలా చెప్పడం చేతకాదా అని అందరూ వినేలా కడిగేసింది. అప్పటి మేనేజరు అంతా విని, "ఏదీ, నువ్వు చెప్పమ్మా చూద్దాం," అన్నాడు. చెప్పింది. కంప్లయింటు చెయ్యడానికి వచ్చిన మనిషి ఉద్యోగంతో ఇంటికి వెళ్ళింది. ఏడాది చేసి మానేసి మళ్ళీ ఇంటర్వ్యూకి వెళదామనుకుంది. ఆ ఏడాది ఇప్పటికింకా పూర్తి కాలేదు.

రెండేళ్ళ కిందట కూతురు కూర్చోబెట్టి, భాషాబోధనలో ఆన్‌లైను ఎమ్మే దరఖాస్తు నింపించింది. అప్పట్నుంచి తెల్లవారుజామున డ్యూటీకి ముందు రెండు గంటలు, బస్సుకూ బస్సుకూ మధ్య దొరికిన నిమిషాలూ చదువే. పరీక్షలన్నీ గట్టెక్కింది. వ్యాసాలకు మంచి మార్కులే వచ్చాయి. మిగిలిందల్లా ఒక్కటే. నిజమైన విద్యార్థులకు ఇరవై నిమిషాలు పాఠం చెబుతూ వీడియో తీసి పంపాలి. అవకాశాలు మూడు. రెండు అయిపోయాయి. మొదటి వీడియోలో ఇరవై నిమిషాలకు పద్దెనిమిది ఆవిడే మాట్లాడింది. ప్రశ్న వేసి, అదే ప్రశ్న మళ్ళీ వేసి, జవాబు కూడా తనే చెప్పేసింది. రెండోదీ దాదాపు అంతే. దాని కింద మేడమ్ రాసిన మాట మైకమ్మకు కంఠతా వచ్చు. "మీ గొంతు చాలా బాగుంది. మీ విద్యార్థుల గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలియదు. మూడో విద్యార్థి అసలు నోరే విప్పలేదు, గమనించారా?"

ఈ రోజు సాయంత్రం ఆరింటికి గడువు. ఇదీ పోతే ఎమ్మే లేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఇంట్లో కూడా అదే తంతు. "టీ చల్లారిపోతోంది, టీ చల్లారిపోతోంది," అంటే మొగుడు సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఒకసారి చెబితే చాలే. నేనేమైనా ప్రయాణికుణ్ణా?" అన్నాడు. మామూలు రోజైతే నవ్వేది. ఇవాళ ఆ మాట మేడమ్ రాసినట్టే వినిపించింది.

రెండింటికి బస్సులు పలచబడ్డాయి. టికెట్ల గుమాస్తాను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్ద సంసారి, ముగ్గురు పిల్లల తండ్రి, మైకంటే మాత్రం చచ్చేంత భయం.

"అక్కా, నాకు నోరు తడారిపోతోంది."

"అరగంటే తమ్ముడూ. రెండు బస్సులే. కాగితం మీద రాసిపెట్టాను, చూసి చదివెయ్యి, చూసి చదివెయ్యి."

పార్సిలు గదిలో మూటల పక్కన నాలుగు కుర్చీలు వేసి, ఫోనును తూకం బల్ల మీద నిలబెట్టింది. విద్యార్థులు ముగ్గురూ వేరే భాష మాట్లాడే ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు. క్యాంటీనులో కప్పులు కడిగే తాత, టైర్లకు గాలి కొట్టే నడివయసు మనిషి, రబ్బరు గ్లవుజులు తొడుక్కుని బస్టాండు తుడిచే ఆమె. ఆమెను అందరూ చెల్లెమ్మ అంటారు. నాలుగు నెలలుగా ఒక్క క్లాసు మానలేదు. ఏం చెప్పినా తల ఊపుతుంది, నవ్వుతుంది. అంతకు మించి ఒక్క మాట రాల్చలేదు.

పాఠం పేరు 'రేపు'. తాత, "రేపు కప్పులు కడుగుతాను," అన్నాడు. గాలాయన, "రేపు కూడా గాలి," అని తనే నవ్వుకున్నాడు. మైకమ్మ చెల్లెమ్మ వైపు తిరిగింది.

"రేపు మీరు ఏం చేస్తారు?"

చెల్లెమ్మ నవ్వింది. తల ఊపింది. మైకమ్మ నాలుక చివర 'రేపు ప్లాట్‌ఫారం తుడుస్తాను' అనే జవాబు సిద్ధంగా ఉంది. ఒకటి. రెండు. సరిగ్గా అప్పుడే స్పీకరులో గుమాస్తా గొంతు వణికింది. రేవు వైపు బస్సు అయిదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉందన్నాడు. అది ఉన్నది రెండో నంబరు మీద. బయట పెట్టెలు లాక్కుంటూ జనం అటు పరుగెత్తుతున్న చప్పుడు. మైకమ్మ సగం లేచింది. ఈ ఇరవై ఏడేళ్ళలో ఈ బస్టాండులో ఒక్క బస్సుకూ అలా జరగలేదు. లేచి వెళ్తే వీడియో తెగిపోతుంది. ముడిలోంచి పెన్సిలు లాగి పళ్ళ మధ్య పెట్టుకుని, గట్టిగా కొరికి కూర్చుంది. లెక్క ఎప్పుడో మరిచిపోయింది.

చెల్లెమ్మ నవ్వడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు రెండుసార్లు కదిలాయి.

"రేపు... నేను ఇక్కడ లేను," అంది.

గొంతు సన్నగా లేదు. బొంగురుగా, పెద్దగా ఉంది. మైకమ్మ నోట్లోంచి పెన్సిలు తీసింది.

"ఈ రోజు నాలుగు గంటల బస్సు. అక్క దగ్గర. అక్కడ ఆస్పత్రి, దుప్పట్లు మడత. కూర్చుని పని." కాసేపు వెతుక్కుంది. "వారం నుంచి మీకు చెప్పాలి అనుకున్నాను. రోజూ వచ్చాను. మీరు మాట్లాడుతున్నారు."

మైకమ్మ ముఖం ఎర్రబడింది. తప్పు చేసినట్టు కాదు, తప్పే చేసింది. నాలుగు నెలలు ఈ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆమె నోట్లోని మాట తనే తినేసింది. కళ్ళు చెమర్చాయి, ఫోను చూస్తోందని కూడా ఆలోచించలేదు.

తాత ముందుకు వంగి, "అక్క మంచిదా?" అని అడిగాడు. చాలా మంచిది, కానీ చాలా కోపం అంది చెల్లెమ్మ. గాలాయన, "కోపం ఉంటే మంచిది ఎలా?" అన్నాడు. ముగ్గురూ వాదనలో పడ్డారు. తప్పుల తడక భాష, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ, నవ్వుకుంటూ. పాఠం ప్రణాళికలో అయిదు మెట్లు రాసుకుంది మైకమ్మ. మొదటి మెట్టు మీదే కూలబడి వాళ్ళను చూస్తూ ఉండిపోయింది. ఇరవై నిమిషాలు అలాగే అయిపోయాయి.

నాలుగింటికి చెల్లెమ్మ ఒక చేతిసంచితో అద్దాల గది ముందు నిలబడింది. బస్టాండులో మేనేజరు దగ్గర్నుంచి టీ అమ్మేవాడి దాకా అందరికీ ఆవిడ మైకమ్మే. సొంత కూతురు కూడా అప్పుడప్పుడు అలాగే పిలుస్తుంది. చెల్లెమ్మ అద్దం మీద వేలితో తట్టి, "టీచర్, వెళ్తాను," అంది. మైకమ్మ తల ఊపింది. నవ్వింది. అంతకు మించి ఆవిడ వల్ల కాలేదు.

చెల్లెమ్మ ఎక్కాల్సిన రేవు పట్నం బస్సు మూడో నంబరు మీద సిద్ధంగా ఉందని మొదటిసారి బాగానే చెప్పింది. రెండోసారి 'మూడో' దగ్గర గొంతు జీరబోయింది. ప్రయాణికులెవరూ పట్టించుకోలేదు. అవతల షెడ్డులో సీటు కుడుతున్న మొగుడు మాత్రం పని ఆపేసి, చొక్కాకు గుచ్చిన సూది గుచ్చినట్టే ఉండగా పరుగున వచ్చాడు.

"గొంతేమైందే?"

"ఏం లేదు. నువ్వు కాసేపు ఇక్కడ కూర్చో."

అతను గోడ పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. అయిదున్నరకు ఆవిడ వీడియో పంపింది. కింద గడిలో, పాఠం గురించి మీ అభిప్రాయం రాయండి అని ఉంది. చాలాసేపు ఆలోచించి రాసింది. "పాఠం నేను రాసుకున్నట్టు జరగలేదు. మూడో విద్యార్థి మాట్లాడింది. ఆమె వెళ్ళిపోతోందని అలా తెలిసింది. ఇంకో నాలుగు నెలలు ఉండి ఉంటే బాగుండేది." ప్యాసో ఫెయిలో వచ్చే వారం తెలుస్తుంది. మొగుడు కళ్ళజోడు షెడ్డులోనే వదిలేసి వచ్చాడు కాబట్టి దాన్ని చదివి వినిపించమన్నాడు. వినిపించింది. అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

గుమాస్తాకు కుర్చీ ఇచ్చి, కుర్చీలు సర్దుదామని పార్సిలు గదికి వెళ్ళింది. మూడు కుర్చీలు ఎవరో గోడకు చేర్చేశారు. నాలుగోదాని వీపు మీద ఒక జత రబ్బరు గ్లవుజులు, సబ్బుతో కడిగి, వేళ్ళు విడివిడిగా లాగి, పక్కపక్కనే ఆరేసి ఉన్నాయి. వాటి చివర్లలో ఇంకా తడి ఆరలేదు.