అమెరికా సరుకు

అమెరికాలో సుంకం పెంచారని టీవీలో చెప్పిన వారానికే ఎగుమతి కంపెనీ మా రొయ్యలు కొనడం ఆపేసింది. ఏజెంటు శ్యామ్ సుందర్ నాన్నకి ఫోనులోనే చెప్పాడు.

"ఏమనుకోకండి రూబెన్ గారూ. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయండీ. కొన్నాళ్ళు ఆగండి."

నాన్న ఆగడానికి లేదు. పక్క చెరువుకి తెల్లమచ్చ రోగం వచ్చింది. వెంటనే పట్టకపోతే మా రొయ్యంతా నీళ్ళలోనే చచ్చిపోతుంది.

"వరైతే గాదెలో పోసుకుని ధర వచ్చేదాకా కూర్చునేవాళ్ళం," అంది నానమ్మ.

"చెరువు తవ్వమన్నది నువ్వేగా అమ్మా!"

"ఊరంతా తవ్వుతుంటే మనం గట్టు మీద కూర్చుని చూడాలట్రా?"

తెల్లవారుతూనే వల లాగించి, ఐసు వేసి, అమ్మా నాన్నా నేనూ ట్రాలీ ఆటోలో వట్లూరు కాలేజీల రోడ్డుకి తీసుకెళ్ళాం. నాన్న ఎప్పుడూ చిల్లరగా అమ్మినవాడు కాదు. కేక వేయడానికి సిగ్గుపడి పెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఒక టీచరుగారు స్కూటీ ఆపారు.

"తాజావేనా అండీ?"

"పొద్దున్నే పట్టామండీ."

"మీ ఇంట్లో వండుకుంటారా?"

"లేదండీ," అన్నాడు నాన్న, కాస్త గర్వంగానే. "మేం తినమండీ. ఇది అమెరికా సరుకు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పక్కనున్న ముసలాయన, "పెంచినవాళ్ళే తినరట! ఎన్ని మందులు కొట్టారో," అంటూ కదిలిపోయాడు.

కంపెనీ వాళ్ళు పరీక్ష చేయించి బాగుందన్న రొయ్యే అది. ఖరీదైనదని మేం ముట్టుకోం, అంతే. మా ఇంట్లో ఎప్పుడూ ఎండుచేపల పులుసే. తను తప్పేం మాట్లాడాడో నాన్నకి అర్థం కాలేదు.

అమ్మకి అర్థమైంది. పక్కనున్న టిఫిను బండి ఆవిడని అడిగి పొయ్యీ, మూకుడూ తీసుకుంది. పెట్టెలోంచి దోసెడు రొయ్యలు తీసి ఒలవడం మొదలుపెట్టింది.

"సిల్వియా! పెద్ద సైజువే, అవి ఎందుకే?"

"మీరు పళ్ళెం పట్టండి."

ఉల్లిపాయ, కారం వేసి వేయించింది. స్కూటీ స్టార్టు చేయబోయిన టీచరుగారు ఆగి చూస్తున్నారు. నాన్న ఒక రొయ్య నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. తర్వాత రెండు కలిపి.

"ఎలా ఉందండీ?" అన్నారావిడ.

"ఉప్పు తక్కువైందండీ."

ఆవిడ నవ్వేశారు. "ఉప్పు నేనేసుకుంటాలెండి. కిలో తూచండి."

నాన్న పళ్ళెం కింద పెట్టకుండా ఎంగిలి చేత్తోనే అందుకోబోతే అమ్మ తక్కెడ లాక్కుంది.