కిర్రుమన్న పల్లవి

మావిచిగుళ్లు మెక్కి మదించిన కోకిలములు తమ కంఠములకు తామే మురిసిపోవుచుండ మల్లెపొదల పరిమళమును మూటగట్టుకొని గోదావరిమీదుగా వచ్చు పిల్లగాలి హేమగిరి సంస్థానమున ప్రతివాకిటిని తట్టి చూచుచుండ వసంతోత్సవ సంరంభమున ఊరెల్ల ఉర్రూతలూగుచున్న యొక ప్రభాతవేళ ముక్కామల చిదంబరయ్యగారి గృహమునందు ఉయ్యాలబల్ల కిర్రుమనుచుండెను.

ఆ కిర్రు సామాన్యమైనది కాదు. శతాధిక కీర్తనకర్తయు నాదోపాసనాధురంధరుడునగు ఆ మహానుభావుడు ఉయ్యాల యెక్కనిదే పల్లవి యెత్తుకొనడు. ఆ యూపే యాయనకు తాళము. ఎడమగొలుసు త్రుప్పుపట్టి బల్ల ముందునకు వచ్చినప్పుడెల్ల క్షణకాలము బిగిసి పిమ్మట కిర్రున వదలును. ధర్మపత్నియగు సోమిదేవమ్మ ఆముదపుగిన్నెతో దానిని సమీపించిన ప్రతిపర్యాయమును రాగావేశపరవశుడైన పతిదేవునిచే తరిమివేయబడుచు ఆ గిన్నె నెత్తుటకును దింపుటకునే తన కాపురము చెల్లిపోయెనని నిట్టూర్చుచుండెడిది.

ఆ యేటి యుత్సవమున కొక విశేషము గలదు. సభలో నుత్తమమని నిర్ణయింపబడిన క్రొత్తకీర్తనను ఇకపై నిత్యము వేణుగోపాలస్వామికి మేలుకొలుపుగా పాడింతుమని ప్రభువగు విజయగోపాలభూపతి చాటింపు వేయించెను. బిరుదుపత్రములను ఎక్కడ పెట్టితినోయని యేనాడును వెదకి యెరుగని చిదంబరయ్యగారికి జన్మమున కోరిక యిది యొక్కటే.

"వేకువయ్యె వేణుధరా" యను పల్లవి ఆ యుదయమున ఉయ్యాలపై జనించెను. గొలుసు బిగిసినచోట "వేకువయ్యె" యని పాట నిలిచెను. గొలుసు వదలిన పిమ్మట "వేణుధరా" యని సాగెను.

"ఏమండీ, పాపం వేణుధరుడు నడిమధ్యన వేలాడుతున్నాడు. ఒక్క చుక్క ఆముదం వెయ్యనివ్వండి."

"చరణం పుట్టేదాకా ఆ గిన్నె నా కంటబడనివ్వకే! ఆ ఆగుడు తర్వాత నేనే సర్దుకుంటాలే."

పెరటిగోడ కావల అరటిచెట్ల మరుగున ఆస్థానగాయకుడు ఓగిరాల నరహరి భాగవతుడు నిలిచియుండుట వారెరుగరు. అతడు విన్నదానిని విన్నట్లు పట్టుకొనగల ఏకసంథాగ్రాహి. కాని సంగీతముకంటె క్షుత్తు బలవత్తరమగుటచే భోజనవేళకు గోడ విడిచి వెడలిపోయెను. చరణము భోజనానంతరమున జనించెను.

సభాదినమున ఆస్థానమర్యాద ననుసరించి నరహరి ముందుగా పాడెను. "వేకువయ్యె" యని యొక్కక్షణము నిలిచి "వేణుధరా" యని యెత్తుకొనగానే స్త్రీలకై కట్టిన తెరవెనుక సోమిదేవమ్మ గుండెయు నొక్కక్షణము నిలిచెను. చిదంబరయ్యగారో తొడపై తాళము వేయుచు ముందునకు వెనుకకు నూగుచు భళా భళా యనుచుండిరి. పాట ముగియువరకు అది యెవరిదను ప్రశ్న ఆయనకు పుట్టదు. పల్లవి రెండవమారు రాగా ఆయన మేను బిగిసి ముందునకు వ్రాలి యచ్చటనే నిలిచిపోయెను.

"ఒసేయ్ సోమీ! ఇది మన ఉయ్యాలే!"

సభ గొల్లుమనెను. ప్రభువు నవ్వాపుకొని "భాగవతుడా, నడుమ ఆ ఆగుడేమి?" అని ప్రశ్నించెను.

"శాస్త్రసమ్మతమే ప్రభూ!"

"ఏ శాస్త్రము?"

తెరవెనుకనుండి మృదువుగా నుత్తరము వచ్చెను. "త్రుప్పుశాస్త్రం మహాప్రభూ. ఎడమగొలుసు ప్రకరణం. సందేహమైతే మా యింటికి దయచేయండి, మా ఉయ్యాలే సాక్ష్యం చెబుతుంది."

ప్రభువు చివాలున లేచెను. మృదంగములతో తంబురలతో సభ యెల్ల వీథినిబడి పరుగువంటి నడకతో చిదంబరయ్యగారి వాకిటికి ప్రవహించెను. సగము దారిలో సోమిదేవమ్మ నాలుక కరచుకొనెను. ఆ యుదయమే భర్త సభకు ముందుగా వెడలిన యదను చూచి చిరకాలవాంఛితమగు ఆముదమును గొలుసునకు ధారాళముగా పోసినది తానే!

ప్రభువు స్వయముగా బల్ల నూపెను. అది వెన్నవలె కదలెను. కిర్రు లేదు, బిగువు లేదు. నరహరి మోమున చిరునవ్వు మొలిచెను.

"అమ్మా, మీ సాక్షి నోరు విప్పుట లేదే!" అని ప్రభువు పలికెను.

"నూనె పోసింది నేనే మహాప్రభూ. నా చేతులు విరిగిపోనూ!"

చిదంబరయ్యగారు ఈ వ్యవహారమేదియు వినుట లేదు. ఊగుచున్న బల్ల కనబడెను గనుక నెక్కి కన్నులు మూసి పల్లవి నందుకొనిరి. "వేకువయ్యె" యనునంతలో గొలుసు బిగియకున్నను ఆయన కంఠము నిలిచెను. కిర్రు లేని యా నిశ్శబ్దమును ఆయన మొట్టమొదటిసారి వినెను. కన్నులు విప్పెను.

"ఎంత వెర్రివాణ్ణే సోమీ! దీన్నా తీసేద్దామనుకున్నాను? స్వామి కన్ను విప్పేందుకు ఆపాటి జాగు ఉండొద్దూ?"

అని "వేణుధరా" యని యందుకొని గోడకావలివారెవ్వరును విననట్టి చరణములోనికి వరదగోదావరివలె దూకెను. మృదంగము తనంత తానే కలిసెను. ప్రభువు పైయుత్తరీయము జారినది యెరుగడు. నరహరి పల్లవికి అతికించిన సొంతచరణము ఆ ప్రవాహమున నెచ్చట కొట్టుకొనిపోయెనో యతనికే తెలియదు. అతడు ఉయ్యాల ముందు సాగిలపడి, గోడచాటున పల్లవి వినుటయు భోజనవేళకు చరణమును విడిచి పోవుటయు దాచక విన్నవించుకొనెను.

"లేవయ్యా భాగవతుడూ! ఆ ఆగుడును అంత నిక్కంగా పట్టినవాడివి గోడవెనక ఉండడమేమిటి? రేపటినుంచి లోపలికొచ్చి కూర్చో."

"భోజనం కూడా ఇక్కడే చెయ్యండి. ఈసారి చరణం తప్పిపోకుండా" అని సోమిదేవమ్మ పలికెను.

నాటినుండి హేమగిరియందు ప్రతిదినము తూర్పు తెలుపెక్కు సమయమున "వేకువయ్యె" యను మాట గాలిలో నిలిచినప్పుడు అర్చకుని చేయి గర్భాలయకవాటముపై నిలుచును. దీపశిఖయు నిలిచినట్లుండును. ఊరెల్ల ఊపిరి బిగబట్టును. పిమ్మట "వేణుధరా" యనునంతలో తలుపులు తెరచుకొనును. ఆ తలుపు బందులకు మాత్రము సోమిదేవమ్మగారి యాన చొప్పున ఎవ్వరును నూనె పోయరు.