గేటు లోపల ఏమున్నది

ఆరో మగ్గం మీద పడుగు పోగు తెగింది. మార్కండేయ లివరు లాగి మగ్గం ఆపాడు. నూగు పట్టిన మాస్కును గడ్డం కిందికి దింపుకుని, తెగిన కొసలు రెండూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొరకబుచ్చుకుని ముడివేశాడు. ముడి వేయడానికి అతనికి కళ్ళతో పనిలేదు. కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలున్నాయి. తొమ్మిదిన్నరకు చాయ్. చాయ్ వేళకు ఆసుపత్రి నుంచి దశరథం ఫోన్ చేస్తానన్నాడు.

మార్కండేయకు యాభై నాలుగేళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మగ్గాల మధ్య సందుల్లో పక్కకు తిరిగి నడిచీ నడిచీ, బయట వెడల్పాటి రోడ్డు మీద కూడా ఒక భుజం ముందుపెట్టి నడుస్తాడు. కనుబొమల్లో నూగు ఎప్పుడూ ఉంటుంది. స్నానం చేసినా ఒకటో అరో పోగు మిగిలిపోతే, అన్నం వడ్డిస్తూ భార్య ఎల్లవ్వ తీసి పడేస్తుంది. మగ్గాల మోతకు ఎడమ చెవి వినికిడి సగం పోయింది. సిరిసిల్ల పక్కనున్న పల్లె నుంచి సూరత్ వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయింది. అందులో పందొమ్మిదేళ్ళు ఊరి శివారు జోల్వాలోని ఈ రేకుల షెడ్డులోనే గడిచాయి. అతని గురించి ఎవరినైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికేమీ ఉండదు. అతన్నే అడిగితే మాత్రం రెండు సంగతులు చెబుతాడు. ఒకటి తన ఎనిమిది మగ్గాలు. రెండోది ‘రాఖ్ నగరి’, అంటే బూడిద నగరం, అనే సినిమా.

ముందు మగ్గాల సంగతి. ఎనిమిది మగ్గాలకు ఇద్దరు మనుషులు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఒకరు, అక్కడి నుంచి తెల్లారేదాకా ఇంకొకరు. పదిహేను రోజులకోసారి పాళీలు మారతాయి. ఆ ఇంకొకరే దశరథం. పొడుగ్గా, వెదురుగడలా ఉంటాడు, మాట కంటే ముందు నవ్వు వస్తుంది. పాళీ మారేటప్పుడు దొరికే పది నిమిషాలే వాళ్ళ స్నేహమంతా. ఒకరికి సెలవు కావాలంటే ఇంకొకరు రెండు పాళీలూ నిలబడాలి, మగ్గం ఆగితే సేఠ్ ఒప్పుకోడు. దశరథం కూతురి పెళ్ళికి మార్కండేయ వెళ్ళలేదు. అతను వెళితే మగ్గాలెవరు చూడాలి? పెళ్ళికొడుకు తాళి కట్టే వేళకు ఇక్కడ నిలబడి దశరథం మగ్గాల మీద కండెలు మార్చాడు. పెళ్ళికి అతను చేసిన సాయం అదే, దశరథం దాన్ని ఏనాడూ మరచిపోలేదు.

ఇక సినిమా. అది హిందీలోకి దించిన పరదేశపు బొమ్మ, అయిదు భాగాలు. ఆకాశం నిండా బూడిద కమ్మి ఎండ రాకుండా పోతుంది. లోకమంతా చలి. మిగిలిన మనుషులు చింపిరి గుడ్డలు చుట్టుకుని కొట్టుకు చస్తుంటారు. వాళ్ళ మధ్య బంజారా అనే వీరుడు బండి లాక్కుంటూ ఒక నగరం వెతుక్కుంటూ పోతాడు. ఆ నగరానికి ఇనుప గేటు ఉంది, లోపల ఏముందో చూసినవాడెవడూ బయటికి రాలేదు. మొదటి భాగాన్ని ఉధనాలోని హాల్లో దశరథం చూశాడు, ఆ రోజు మార్కండేయ అతని పాళీ కూడా నిలబడ్డాడు. మర్నాడు మార్కండేయ చూశాడు, దశరథం నిలబడ్డాడు. వరస అట్లా పడింది. ఒక భాగం ఒకరు ముందు చూస్తే, తర్వాతి భాగం ఇంకొకరు ముందు చూడాలి. ఇద్దరూ చూసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. పందొమ్మిదేళ్ళలో ఇద్దరూ కలిసి ఒక్క సినిమా చూడలేదు. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. తీరా చూస్తే అప్పుడు సినిమాహాళ్ళకు తాళాలు. ఖర్మ కాకపోతే ఏమిటి.

మొదటి భాగమంత గట్టిది మళ్ళీ రాలేదని మార్కండేయ తీర్పు. రెండోది ఉత్త లొల్లి, లారీలు గుద్దుకోవడం తప్ప కథ లేదు. మూడో దాంట్లో వీరుడు మరీ ఏడుస్తాడు. నాలుగోది నడకే నడక, కానీ ఆ చివర... చివర ఇనుప గేటు కిర్రుమంటూ తెరుచుకుంటుంది, బంజారా లోపలికి చూస్తాడు, అతని మొహం మారిపోతుంది, అంతే, సినిమా అయిపోతుంది. మూడేళ్ళుగా ఆ మొహం గురించే వాళ్ళ వాదన.

గేటు లోపల ఏమీ లేదని మార్కండేయ అంటాడు. ఇన్నేళ్ళు నడిచి వచ్చినవాడికి ఖాళీ కనబడితేనే మొహం అట్లా అవుతుంది. దశరథం ఒప్పుకోడు. అతని కన్ను వేరు. రెండో భాగంలో గేటు దగ్గర కావలివాళ్ళు ఒక్క నిమిషం కనబడతారు. “ఆళ్ళ దుప్పటి అంచు జూసినవా తమ్మీ? చెక్కుచెదరని అంచు. మడత గూడ విరగలే. లోకమంత పాతగుడ్డ కట్టుకుంటే ఈళ్ళకు కొత్తగుడ్డ ఏడికెళ్ళొచ్చింది? లోపల మగ్గం నడుస్తున్నది.” మగ్గాల మోతలో ఇదంతా సగం పెదవులతోనూ సగం చేతులతోనూ చెప్పాల్సిందే. పది నిమిషాలు చాలేవి కావు. సాయంత్రం వదిలిన చోటి నుంచి పొద్దున మళ్ళీ పట్టుకునేవాళ్ళు. యుద్ధాల సినిమాలో గుడ్డ అంచు చూసే మనిషిని ఎక్కడైనా చూశామా అని మార్కండేయ ఎగతాళి చేసేవాడు. లోలోపల మాత్రం, ఆ అంచు తన కంటికి ఎందుకు పడలేదా అని ఉడుక్కునేవాడు.

అయిదో భాగం ఈసారి ఫోన్‌లోకే నేరుగా వచ్చింది. వరస ప్రకారం ముందు చూడాల్సింది దశరథం. మార్కండేయ ఎన్నడూ వరస తప్పిన మనిషి కాదు. కానీ పోయిన ఆదివారం కూతురు నవత మంచం మీద పడుకుని ఫోన్‌లో అదే చూస్తోంది. “పప్పా, గేటు ఖులే ఛే, జల్దీ రా” అని, గేటు తెరుచుకుంటోంది తొందరగా రమ్మని పిలిచింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగూ హిందీ గుజరాతీ ఒకే వాక్యంలో కలిపేస్తుంది. అతను కాళ్ళు కడుక్కుంటున్నవాడల్లా తడికాళ్ళతో వెళ్ళి నిలబడ్డాడు. చూసేశాడు.

అప్పటికి దశరథానికి జ్వరం. సోమవారం ఆసుపత్రిలో చేరాడు. అప్పటినుంచి రాత్రిపాళీకి అతని బదులు ఒక ఒడియా మనిషి వస్తున్నాడు.

చాయ్ వేళయింది. మార్కండేయ షెడ్డు వెనక గోడ చాటుకు వచ్చి, ఫోను కుడిచెవికి ఆనించుకున్నాడు. ఏప్రిల్ ఎండ అప్పుడే చుర్రుమంటోంది. ఫోన్‌లో ముందు ఊపిరి వినబడింది, తర్వాత మాట.

“తమ్మీ... ఆరో మగ్గం ఎట్లున్నది?”

“పోగులు తెంపుతనే ఉన్నది. నువ్వెట్లున్నవే అన్నా?”

“గాలి మిషను పెట్టిన్రు. మాట్లాడొద్దంటున్రు.” ఒక ఊపిరి తీసుకున్నాడు. “గా అయిదోది బయటికొచ్చిందట గదా. నర్సు పిల్ల చెప్పింది. నువ్వు జూసినవా?”

అబద్ధం ఆడదామనుకున్నాడు మార్కండేయ. నోరు రాలేదు.

“జూసిన. తప్పయింది అన్నా, వరస నీదే ఉండె.”

అవతల నవ్వు మొదలై దగ్గులోకి దిగింది. దగ్గు తెమిలేదాకా మార్కండేయ చాయ్ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

“పోనీలే. గేటు లోపల ఏమున్నది? జల్ది చెప్పు. ఫోను తీస్కుంటరు మల్ల.”

నోటిదాకా వచ్చింది మాట. ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ దశరథానికి ఇప్పుడే చెప్పేస్తే, ఇక అతను తిరిగి వచ్చి చూడాల్సిందేముంది? ఆ చూడాలన్న తహతహే అతన్ని మంచం మీది నుంచి లేపుతుందని మార్కండేయకు గట్టిగా అనిపించింది. నాలుగు భాగాలకూ తప్పని కట్టుబాటు, ఇద్దరూ చూసినాకనే మాట. ఆ కట్టుబాటు నిలబడితే మనిషీ నిలబడతాడు. ఇంకో కారణం కూడా ఉంది, అది అతను తనకు తాను చెప్పుకోలేదు.

“నేను జెప్ప. నువ్వొచ్చి జూడు. రెండు పాళీలు నేనే నిలబడ్త.”

“గట్లనా,” అన్నాడు దశరథం. “సరే, ఉంటనయ్యా మరి.”

లోపలికి వచ్చి మగ్గాల మధ్య పడ్డాడు మార్కండేయ. మూడో మగ్గం మీద కండె అయిపోతే మార్చాడు, ఏడో దాని కింద రాలిన నూగు ఊడ్చాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ బుర్ర మాత్రం గేటు దగ్గరే ఉంది. ఆ చెప్పుకోని కారణం మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పేసరికి దానంతట అదే పైకి తేలింది. అయిదో భాగం మొత్తం మీద చెత్త. తుపాకులు ఎక్కువ, కథ తక్కువ, వీరుడికి ముసలితనం వచ్చినా పరుగు తగ్గదు. కానీ గేటు లోపలికి కెమెరా వెళ్ళినప్పుడు, ఆరు సెకన్లపాటు, బంజారా వెనకాల చీకట్లో వరసగా మగ్గాలు. నవతకు అవి కనబడనే లేదు. దశరథమే గెలిచాడు. మూడేళ్ళు ఎగతాళి చేసినవాడు ఆ మాట ఫోన్‌లో చెప్పలేకపోయాడు. అదీ అసలు సంగతి. జొన్నరొట్టె నోట్లో పిండిలా తిరిగింది.

తనమీద తనకే అసహ్యం వేసింది. ఎవరు గెలిస్తే ఏం పోయింది? ఎనిమిది మగ్గాలూ ఇద్దరివీ అయినప్పుడు ఆ గెలుపు మాత్రం ఒక్కడిది ఎందుకవుతుంది? సాయంత్రం చాయ్ దాకా ఆగి, చెప్పేద్దామని తేల్చుకున్నాడు. ఎట్లా చెప్పాలో కూడా కూర్చుకున్నాడు. ముందు కాసేపు సతాయించి, తర్వాత, “నువ్వే గెలిచినవ్ అన్నా” అనాలి. ఆ నవ్వు వినాలి. అప్పటినుంచి గడియారం మరీ నెమ్మదిగా కదిలినట్టయింది.

నాలుగున్నరకు ఫోన్ చేశాడు. కట్టేసి ఉంది. అయిదుకు చేశాడు, అప్పుడూ అంతే. ఫోను తీసుకుంటారని అతనే అన్నాడు గదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆరున్నరకు ఉండబట్టలేక మళ్ళీ గోడ చాటుకు వచ్చి దశరథం భార్య పోశమ్మకు చేశాడు.

పోశమ్మ ఏడవడం లేదు. ఏడ్చి అలసిన గొంతు.

“పదకొండింటికి పోయిండు తమ్మీ. ఇంటికియ్యరంట. పెద్దోడు ఆడికే పోయిండు, దూరంకెల్లి సూపెడ్తరంట. నీకు జెప్దామంటే నువ్వు పాళీల ఉంటివి, మగ్గాల కాడ ఏం జెయ్యనిస్తరని ఊకున్న.”

మార్కండేయ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పదకొండింటికి తాను మూడో మగ్గం కండె మారుస్తున్నాడేమో. ఏడో మగ్గం కింద ఊడుస్తున్నాడేమో.

“పొద్దుగాల నాకు ఫోన్ జేసిండు,” అంది పోశమ్మ. “నీతోటి మాట్లాడినంకనే. ఎన్నడు లేని సంబురం. ‘నేను గెలిచిన’ అన్నడు. ‘మార్కండ్య చెప్తలేడు. నేనోడితే వాడు గంతసేపు ఆగుతడా, అప్పుడే లొల్లి జేసేటోడు’ అన్నడు. నవ్వితే దగ్గొచ్చింది, నర్సు ఫోను గుంజుకున్నది. ఏం గెలిచిండు తమ్మీ? మీరేమన్న పందెం గిట్ల కాసిన్రా?”

పందొమ్మిదేళ్ళు పది నిమిషాల చొప్పున చూసిన మనిషి అతన్ని ఇంత బాగా చదివేశాడు. మార్కండేయకు ఏడుపు పొంగుకొచ్చింది, దాన్ని ఆపుకోలేదు. ఏడుస్తూనే చెప్పాడు. బూడిద కమ్మిన ఆకాశం గురించి, బండి లాగే మనిషి గురించి, ఇనుప గేటు గురించి, కావలివాళ్ళ దుప్పటి అంచు గురించి. ఒక్క సినిమా కూడా చూడని పోశమ్మకు మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. లోపల మగ్గాలున్నాయని దశరథం ఒక్కడే అన్నాడనీ, అదే నిజమైందనీ చెప్పాడు. “అన్న గెలిచిండు వదినా. నేను ఓడిన,” అన్నాడు.

పోశమ్మ అంతా ఊఁ కొడుతూ విన్నది.

“ఎన్ని మగ్గాలు?” అని అడిగింది.

“నాలుగు కనబడ్డయి. ఎనుక ఇంకా ఉండొచ్చు.”

“నడుస్తున్నయా?”

“నడుస్తున్నయి వదినా.”

“మంచిగైంది,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఏడింటికి ఒడియా మనిషి వచ్చాడు. మార్కండేయ అతనికి ఆరో మగ్గం చూపించి, పోగు తెగుతోందని చేత్తో చెప్పాడు. ఆ మనిషి తల ఊపి తన డబ్బా పెట్టుకోవడానికి ఎనిమిదో మగ్గం వెనక కిటికీ గూట్లో చెయ్యి పెట్టాడు. అక్కడ ఏదో తగిలితే పైకి తీసి, ఎవరిదన్నట్టు చూశాడు. మార్కండేయ దాన్ని అందుకోలేదు, అక్కడే ఉంచమని సైగ చేశాడు.

అది దశరథం కళ్ళజోడు. ఒక పుల్ల విరిగితే పడుగు నూలుతో బిగించి కట్టుకున్నాడు. ముడి గట్టిగానే ఉంది గానీ, అద్దాల మీద వారం రోజుల నూగు తెల్లగా పేరుకుంది.