పెద్ద మేస్త్రి నడిపిన బండి

పాత కార్ల ప్రదర్శనకి టిక్కెట్టు ధర ఆ ఏడు మళ్ళీ పెరిగిందని చూసి చిన్న మేస్త్రి కళ్ళు తేలేశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఫోనులో అంకె మారలేదు. తుప్పు పట్టి పడి ఉన్నప్పుడు ఎవరూ కన్నెత్తి చూడని బండ్లని రంగేసి, చుట్టూ తాడు కట్టి నిలబెట్టి, ఊరికే చూసి పోవడానికి నెల సంపాదన అడుగుతున్నారు. అడిగేవాళ్ళకి సిగ్గు లేకపోతే పోయె, ఇచ్చేవాళ్ళకైనా ఉండాలి కదా. చిన్న మేస్త్రికి ఆ సిగ్గు ఎప్పుడో పోయింది. తొమ్మిదేళ్ళుగా గొణుక్కుంటూనే కొంటున్నాడు.

మొదటి ఏడు ప్రదర్శన ఒక బడి మైదానంలో జరిగింది. టిక్కెట్టే లేదు. బండ్లవాళ్ళు మడత కుర్చీలు వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా ఫ్లాస్కులోంచి టీ పోసి, బానెట్లు ఎత్తి మరీ చూపించేవారు. కింద దూరి చూస్తానంటే పరుచుకోవడానికి ఓ గోనె సంచి కూడా ఇచ్చేవారు. మూడో ఏటికి గేటు దగ్గర బల్ల వచ్చింది. తరవాత చేతికి కట్టే పట్టీలు వచ్చాయి, బండ్ల చుట్టూ తాళ్ళు వచ్చాయి. ఇప్పుడు నడిమధ్యన మేలురకం బండ్లకి విడిగా ఆవరణ కట్టి, అందులోకి పోవడానికి ఇంకో పాసు పెట్టారు. పెద్ద మేస్త్రి నడిపిన బండి ఈసారి ఆ ఆవరణలోకి చేరింది.

పెద్ద మేస్త్రి అంటే అతని అన్న. అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో బండ్లు బాగుచేసేవారు కనక జనం అలా పిలవడం అలవాటు చేసుకున్నారు. పెద్దాయన ఆ బండిలోనే పోయి పంతొమ్మిదేళ్ళయింది. తల నెరిసి, మోకాళ్ళు పట్టేసి, అన్న పోయిన వయసుని ఎప్పుడో దాటేసినా తమ్ముడు మాత్రం ఇంకా చిన్న మేస్త్రే. పెద్దరికం ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు. అతనికి కావలసింది ఒక్కటే. ఏడాదికోసారి ఆ బండి కింద దూరి, స్టీరింగు రాడ్డు చివరి నట్టుకి పిన్ను ఉందో లేదో చూసుకోవాలి. చూసుకుంటే ఆపై ఏడాది ఎలాగో నిద్ర పడుతుంది.

"రెండు తీసుకో, చిన్నా."

వదిన మెట్ల మీద నిలబడి ఉంది. పై గదిలో ఉంటుంది ఆవిడ. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"ఏం రెండు?"

"టిక్కెట్లు. ఈసారి నేనూ వస్తాను."

చిన్న మేస్త్రి ఫోను పక్కన పెట్టాడు. "ఆ ఎండలో నువ్వెందుకు వదినా? కాళ్ళు లాగుతున్నాయంటావు. పైగా ధర చూశావా, దోపిడీ!"

"ఏటా అంత డబ్బు తగలేసి నువ్వేం చూసొస్తున్నావో నేనూ చూస్తాను. ఆయన ఆఖరిసారి కూర్చున్న బండి. ఒక్కసారైనా చూడలేదు. దాన్ని అడగాల్సింది ఒకటుంది నాకు."

"బండినా అడిగేది?"

"మనుషులెవరూ చెప్పలేదుగా మరి," అని ఆవిడ పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి కుట్టు మిషను చప్పుడు మొదలైంది.

చిన్న మేస్త్రి షెడ్డులో మూల పడున్న ఇంజను ఎత్తే గొలుసు కప్పీని అమ్మేసి, లోపలి ఆవరణకి రెండు పాసులు కొన్నాడు. వద్దనడానికి అతనికి నోరు లేదు. ఆ ఇంట్లో వదిన అడిగినవాటికి అడ్డు చెప్పే హక్కు తనకి లేదని అతను పంతొమ్మిదేళ్ళ కిందటే తీర్మానించుకున్నాడు.

ఎందుకంటే, ఆ షెడ్డులో పెద్దాయన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. స్టీరింగు నట్టు బిగించినవాడు దానికి పిన్ను పెట్టకూడదు. ఆ పిన్ను సన్నని ఇనుప ముక్క. నట్టులోంచి దూర్చి కొసలు వంచేస్తే, ఎన్ని గుంతల్లో పడ్డా నట్టు ఊడదు. ఒకడు బిగించాలి. రెండోవాడు కింద దూరి, బిగింపు చూసి, పిన్ను పెట్టి వంచి, సుత్తితో బండి అడుగు చట్రం, అదే ఛాసీ మీద రెండు దెబ్బలు కొట్టాలి. టక్, టక్. అది వినపడితే బండి రోడ్డెక్కించవచ్చు. వినపడకపోతే ఎంత గొప్ప గిరాకీ తొందరపెట్టినా కదిలించకూడదు. "రెండు జతల కళ్ళు పడ్డాక తప్పు ఎటునుంచి దూరుతుందిరా?" అని పెద్దాయన మురిసిపోయేవాడు.

ఆ రోజు అన్న బిగించి లేచాడు. తమ్ముడు కింద దూరాడు. నట్టు కన్నం లోపలి రాడ్డు కన్నానికి కుదరడానికి దాన్ని కాస్త వెనక్కి తిప్పాడు. తీరా చూస్తే చేతిలో ఉన్న పిన్ను లావు, దూరలేదు. సొరుగులోంచి సన్నది తెచ్చుకుందామని బయటికి పాకుతూ, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, సుత్తితో ఛాసీ మీద రెండు దెబ్బలు కొట్టేశాడు. బుర్ర కొట్టమనలేదు. చెయ్యి కొట్టింది. సొరుగు దగ్గర ఎవరో గిరాకీ మాటల్లోకి దించాడు. తల తిప్పి చూసేసరికి బండి లేదు. అన్న దాన్ని పరీక్షించడానికి గుంతల రోడ్డు మీదికి తీసుకుపోయాడు.

తమ్ముడు పరిగెత్తాడు. మలుపు దగ్గర బండి సిమెంటు స్తంభాన్ని గుద్దుకుని ఉంది. ముందుభాగం నుజ్జయిపోయింది. నట్టు ఎక్కడా లేదు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకాయన, "స్పీడుగా తోలాడా?" అని అడిగాడు. చిన్న మేస్త్రి తలూపాడు. ఆ రోజు తన నోటితో ఒక్క అబద్ధం ఆడలేదు పాపం, తలూపాడంతే. మిగతాదంతా జనమే అల్లుకున్నారు. పది రోజులు తిరిగేసరికి పెద్ద మేస్త్రి స్పీడు పిచ్చోడైపోయాడు.

అప్పటినుంచి ఆ చప్పుడు అతన్ని వదల్లేదు. షెడ్డులో ఒంటరిగా ఉన్నప్పుడు, కింద ఎవరూ లేని బండి కిందనుంచి వినపడేది. టక్, టక్. మొదట్లో ఎలకలనుకుని బోను పెట్టాడు. ఎలక పడలేదు, చప్పుడూ ఆగలేదు. అన్న దయ్యమై వచ్చి తిట్టిపోస్తే ఎంత బావుణ్ణు అనుకునేవాడు. తిట్టడే. రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటాడు.

ప్రదర్శన రోజున గేటు దగ్గర వరస వీధి చివరిదాకా ఉంది. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, చేతికి కట్టిన పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. లోపల గ్లాసుడు టీ ధర విని ముక్కు మీద వేలేసుకుంది.

"ఈ డబ్బుతో మనమే ఓ డొక్కు కారు కొని, రంగేసి, ఇంటి ముందు తాడు కట్టుకుని కూర్చునేవాళ్ళం కదా, చిన్నా."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఆవరణ దగ్గరపడేకొద్దీ చంకలోని దుప్పటిని గట్టిగా నొక్కుకున్నాడు.

బండి ముదురాకుపచ్చ రంగులో, ఎండకి మిలమిలా మెరుస్తోంది. నుజ్జయినప్పుడు దాన్ని తుక్కు కింద కొని, ఏళ్ళ తరబడి ఖర్చుపెట్టి నిలబెట్టినవాడు ఒక పళ్ళ డాక్టరు. ఇవాళ దానికి ఇల్లు కొనేంత ధర పలుకుతోందట. డాక్టరు టోపీ పెట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా అందర్నీ పలకరిస్తున్నాడు.

"రండి మేస్త్రీ! మీరు రాకపోతే మాకు ప్రదర్శన మొదలైనట్టే ఉండదు. కింద చూస్తారా? చూడండి చూడండి. జడ్జీలు వచ్చేలోపు కానిచ్చేయండి."

తాడెత్తి లోపలికి పంపాడు. చిన్న మేస్త్రి తెచ్చుకున్న దుప్పటి పరిచి, మూలుగుతూ నడ్డివాల్చి, బండి కిందకి దూరాడు. పిన్ను ఉంది. కొసలు రెండూ చక్కగా వంచి ఉన్నాయి. వేలితో తడిమి చూశాడు. హమ్మయ్య అని ఊపిరి వదిలాడో లేదో, సరిగ్గా చెవి పక్కన, ఛాసీ మీద, టక్, టక్.

పక్కకి చూశాడు. గడ్డి తప్ప ఏమీ లేదు. అవతల తాడు దాకా ఒక్క కాలు కూడా లేదు. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి బయటికి పాకాడు.

వదిన బండిని చూడటం లేదు. బండి ముందు నిలబెట్టిన బోర్డు చదువుతోంది. కిందటేడు ఆ బోర్డు లేదు. పెద్ద అక్షరాలతో, పువ్వుల అంచుతో రాయించారు. వేగం కోసం ప్రాణాన్నే లెక్కచేయని ఒక మెకానిక్కు ఈ బండిని గాలిలా తోలి ఇందులోనే కన్నుమూశాడనీ, నేటికీ ఖాళీగా ఉన్న బండిలోంచి ఒక్కోసారి రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపిస్తుందనీ అందులో ఉంది.

చిన్న మేస్త్రి ఆ బోర్డుని రెండుసార్లు చదివాడు. స్పీడు సంగతి డాక్టరుకి చెప్పింది తనే. మొదట్లో బండి కింద దూరనివ్వడానికి ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పాడు. చప్పుడు సంగతి మాత్రం ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

"ఈ చప్పుడు..." అన్నాడు డాక్టరుతో.

"మా ఆవిడ కూడా విందండీ, గ్యారేజీలో. ఆ దెబ్బకి ఇప్పుడు అటువైపు రాదు." డాక్టరు నవ్వి వదిన వైపు తిరిగాడు. "జనానికి ఇలాంటివే కావాలమ్మా. ఈ కథ పెట్టాక బండి విలువ ఎక్కడికో పోయింది."

"ఈ స్పీడు కథ ఎవరు చెప్పారు బాబూ మీకు?" అంది వదిన.

"ఇంకెవరు, ఈ మేస్త్రిగారే."

వదిన మరిదిని చూసింది. కోపంగా చూడలేదు. భయపడుతూ చూసింది.

"చిన్నా, ఆయన నన్ను స్కూటరు మీద తీసుకెళ్తుంటే, వెంటపడిన కుక్కలు కూడా విసుగొచ్చి మధ్యలోనే వెనక్కి పోయేవి. అలాంటి మనిషి ఆ రోజు అంత స్పీడుగా ఎందుకు తోలాడో నాకు తెలుసు. పొద్దున్న ఇద్దరం పోట్లాడుకున్నాం. 'ఆ షెడ్డులోనే ఉండిపో, ఇంటికి రాకపోయినా నాకేం బెంగలేదు' అన్నాను. ఆ కోపం మీద తోలాడు. అంతేనా? ఎక్కేటప్పుడు నువ్వు చూశావుగా. మొహం కోపంగా ఉందా? ఇన్నేళ్ళూ అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇవాళైనా చెప్పు."

ఇన్నేళ్ళూ పై గదిలో ఆ కుట్టు మిషను రాత్రిళ్ళు అంతసేపు ఎందుకు ఆడేదో చిన్న మేస్త్రికి అప్పుడు తెలిసింది. తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు. సగం బరువు ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టి, కింద గదిలో కూర్చుని తన బాధే బాధ అనుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"స్పీడుగా తోలలేదు వదినా," అన్నాడు. "పిన్ను పెట్టాల్సింది నేను. పెట్టలేదు. పెట్టకుండానే రెండు దెబ్బలు కొట్టేశాను. అవి విని అన్న నమ్మి ఎక్కాడు. కావాలని కాదు వదినా, ఒట్టు. చెయ్యి కొట్టేసింది."

డాక్టరు మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆవరణలో ఎవరో ఇంజను స్టార్ట్ చేసి, ఆపేశారు.

"ఎక్కేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంది?" అందావిడ. అదొక్కటే అడిగింది.

"ఎక్కేటప్పుడు నేను చూడలేదు వదినా. అంతకుముందు నవ్వుతున్నాడు. నేను కిందకి దూరుతుంటే చేతులు కడుక్కుంటూ, 'మీ వదిన కోపం మీదుందిరా, ఇవాళ పెందలాడే ఇంటికి పోవాలి' అన్నాడు."

వదిన తాడు కట్టిన ఇనుప గుంజని పట్టుకుంది.

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"అది చెబితే మిగతాది కూడా చెప్పాల్సొస్తుందని."

ఆవిడ గుంజని వదిలింది. తరవాత తాడు దాటి వెళ్ళి, బండి తలుపు అద్దానికి నుదురు ఆనించి, స్టీరింగు వెనకున్న ఖాళీ సీటుని చూసింది. బండ్లని ముట్టుకోకూడదని అరవబోయిన కాపలావాణ్ణి డాక్టరు చేత్తో వారించాడు. ఆవిడ తిరిగొచ్చినప్పుడు మొహమంతా తడిసిపోయి ఉంది.

"పిన్ను మర్చిపోయావు. అది చెయ్యి చేసింది, ఒప్పుకుంటాను," అంది. "ఆయన నాకోసం అన్న మాట పంతొమ్మిదేళ్ళు దాచుకున్నావు. అది చెయ్యి కాదు, చిన్నా."

అతను ముందుకి అడుగు వేశాడు.

"నువ్వు రావద్దు. నేను బస్సులో పోతాను. ఆయనతో మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది, మధ్యలో నువ్వు వద్దు."

ఇస్త్రీ చీర గేటు దగ్గరి జనంలో కలిసిపోయేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు దగ్గి, బోర్డు వైపు చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంతలో పట్టీలు కట్టుకున్న ఓ జంట వచ్చి బోర్డు ముందు ఆగింది. మగమనిషి చదివి, పెళ్ళాం చెవిలో ఏదో అని నవ్వాడు.

"ఎవరండీ ఈ స్పీడు పిచ్చోడు?"

డాక్టరు చిన్న మేస్త్రి వైపు చూశాడు.

"మా అన్న," అన్నాడు చిన్న మేస్త్రి. "ఆయన తప్పేం లేదండీ. ఆ బోర్డు నమ్మకండి, తప్పు నాది." ఆ జంట మొహమాటంగా అక్కడే ఆగిపోయింది. అతను నట్టు దగ్గర్నుంచి చెప్పుకొచ్చాడు. వాళ్ళు వెళ్ళాక ఇంకొకళ్ళు వచ్చారు, వాళ్ళకీ చెప్పాడు.