పంపని టెలిగ్రాం

నాందేడ్ పాత బజారు జూనా మోండాలో తాళ్లు, పగ్గాలు, గోనెసంచులు అమ్మే రాధాకిషన్‌కు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే. బంతి తన కొడుకును దాటి లోపలికి పోకూడదు. మిగతావాళ్లంతా ఎందుకు పరుగెడుతున్నారో ఆయనకు ఎన్నడూ పట్టలేదు. మ్యాచి ఉందంటే మధ్యాహ్నమే దుకాణానికి తాళం వేసి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎర్రటి ఎండలో గోల్ స్తంభాల వెనుక నిలబడేవాడు. నందకిషోర్ బంతి ఆపితే, పక్కన ఎవరుంటే వాళ్ల భుజం పట్టుకుని, "మా పోరడే" అనేవాడు. నాందేడ్‌లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. అయినా చెప్పేవాడు.

నందూకు నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి పన్నెండేళ్ల అక్క వనమాల వాడిని ఎత్తుకు పెంచింది. తర్వాత చదువుకుని నగరపాలిక మరాఠీ బడిలో పంతులమ్మ అయింది. వాడికి అన్నం కలిపి పెట్టింది తనే, మోకాళ్లకు పసుపు రాసింది తనే, పోలీసు జట్టులో ఒకప్పుడు ఆడి రిటైరైన ఖదీర్ సాబ్ దగ్గరికి వేలు పట్టుకుని తీసుకుపోయింది కూడా తనే. ఖదీర్ సాబ్ ఆ పిల్లవాడి చేతులు తిప్పి చూసి, "గోల్‌ల నిలబెడ్త బేటీ" అన్నాడు.

డెబ్బైల నడుమ ఒక వేసవిలో బ్యాంకాక్‌లో ఆసియా దేశాల యువ జట్లకు ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. ఇరవై ఏళ్లు నిండని పిల్లలు తమ తమ దేశాల తరఫున ఆడాలి. బొంబాయి క్యాంపు నుంచి భారత జట్టులోకి నందకిషోర్‌ను తీసుకున్నారని తెలిసిన రోజు రాధాకిషన్ మోండా అంతా తిరిగి పేడాలు పంచాడు. ఊరి మరాఠీ పత్రిక "భారత గోల్‌కీపర్ మన నాందేడ్ కుర్రాడు" అని ఫొటో వేసింది. నందూ బయలుదేరే రోజు స్టేషన్‌లో తండ్రి వాడి నీలం కోటు మీద భారత్ అని కుట్టిన చోటును రెండుసార్లు అరచేత్తో తడిమాడు.

"దాటనీయకు" అన్నాడు.

"దాటనీయ బాపు" అన్నాడు నందూ, ఎటో చూస్తూ.

పోటీలు మొదలైన మర్నాడు రాధాకిషన్ దుకాణంలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఇంటికి తెచ్చారు. డాక్టరు వచ్చి సూది వేశాడు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

సాయంత్రం రైలుకు ధర్మాబాద్ నుంచి రాధాకిషన్ తమ్ముడు బాబురావ్ వచ్చాడు. అన్న కాళ్ల దగ్గర కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని, మొదట అడిగిన మాట నందూకు టెలిగ్రాం ఇచ్చారా అనే.

"పోరనికి తార్ కొట్టిన్రా?"

వనమాల గోడకు ఆనుకుని కూర్చుంది. "లేదు కాకా."

"కొట్టున్రి మరి. ఖదీర్ సాబ్ తాన హోటల్ పత్తా ఉంటది."

"కొడితే మాత్రం రేపటికల్ల వస్తడా? బాపును అప్పటిదాంక ఉంచగల్గుతమా?"

"ఉంచం బిడ్డా. నిప్పు నేను పెడ్త. కానీ పదోనాటికన్న వస్తడు గదా. గోదావరిల తండ్రికి నీళ్లు ఇడువద్దా వాడు? కొడుకు గాదా?"

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఖదీర్ సాబ్ వైపు చూసింది వనమాల. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తార్ కొడ్తే మూడు దినాలల్ల పిలగాడు ఇంట్ల ఉంటడు బేటీ" అన్నాడాయన. "కొట్టకపోతే ఆడుతడు. నేనేం చెప్ప. నువ్వు పెంచినవ్ వాన్ని."

వనమాల తండ్రి మొహం చూసింది. ఎవరో నుదుట నల్లటి బుక్కా పొడి పెట్టారు. ఈయన బతికి ఉంటే ఏమనేవాడో తనకు బాగా తెలుసని ఆమెకు అనిపించింది.

"ఆడనీయున్రి" అంది. "బాపు గూడ గదే అంటుండె. వచ్చినంక నేను చెప్త."

"తప్పు చేస్తున్నవ్ బిడ్డా" అన్నాడు బాబురావ్. కానీ గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో నందూ విషయంలో ఆఖరి మాట ఎప్పుడూ వనమాలదే.

మర్నాడు గోవర్ధన్ ఘాట్‌లో బాబురావే నిప్పు పెట్టాడు. ఆ తర్వాతి రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్లంతా నందూ ఏడని అడిగారు. బాబురావ్ ప్రతివాళ్లకూ ఒకటే జవాబు చెప్పాడు: "అన్న పోయెటప్పుడు కొడుకు పేరే కలవరించిండు. దేశం కోసం ఆడుతున్నడు, పిలువొద్దన్నడు." వదినలేని ఇంట్లో, పెళ్లికాని అన్నకూతురి మీద మాట పడకుండా ఆయన అల్లిన మాట అది. వనమాల కాదనలేదు.

సాయంత్రాలు పొరుగింటి రేడియోలో వార్తల చివర పోటీల ఫలితాలు చెప్పేవారు. వనమాల ప్రహరీ పక్కన నిలబడి వినేది. ఒక మ్యాచి సమం. ఎవరికీ గోల్ లేదు. నందూనే ఆపి ఉంటాడనుకుంది. ఇంకోటి గెలిచారు. ఆ రోజు స్నానాల గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మీదట ఓడిపోయారు. మూడు గోల్స్ పడ్డాయట. ఇక్కడ జరిగింది అక్కడ వాడి మనసుకు ఎలాగో తెలిసిపోయిందా అని ఆ రాత్రంతా ఆమెకు గుబులు.

కర్మలన్నీ అయిపోయాక నందూ వస్తున్నట్టు బొంబాయి నుంచి కబురు వచ్చింది. కుర్రాళ్లు దండలు తెచ్చారు. ఖదీర్ సాబ్ బాజా మాత్రం వద్దన్నాడు. స్టేషన్‌లో పదిమంది నోటి నుంచి వాడు ఈ మాట వినకూడదని వనమాల పొద్దున్నే రైలెక్కి పూర్ణా వెళ్లి, అక్కడ మన్మాడ్ నుంచి వచ్చే రైలు కోసం కూర్చుంది.

మూడో పెట్టె కిటికీలో నీలం కోటు కనబడింది. ఆమె ఎక్కేసరికి నందూ ఎగిరి లేచాడు.

"అక్కా! గిక్కడిదాంక అచ్చినవా! బాపు ఏడి?"

"కూసో" అంది.

వాడు కూర్చోలేదు. పైన పెట్టిన సంచీ దింపి, అందులోంచి మూరెడు పొడవైన గొడుగు ఒకటి తీశాడు. "బాపు కోసం తెచ్చిన. సూడు, మీట ఒత్తితే చాలు." ఒత్తాడు. గొడుగు టప్పుమని విచ్చుకుని ఎదుటి ముసలాయన టోపీకి తగిలింది. పెట్టెలో అందరూ నవ్వారు. నందూ కూడా నవ్వాడు. "ఇగ తువ్వాలు సుట్టుకునే పని లేదు. గోల్ ఎన్క దర్జగ నిలబడొచ్చు."

వనమాల ఆ గొడుగును వాడి చేతిలోంచి తీసుకుని ముడిచింది. అది ముడుచుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"బాపు లేడు నందూ" అంది.

"దుకాణంల ఉన్నడా?"

"లేడురా. పోయిండు."

వాడికి అర్థమయ్యేలోగా రైలు కదిలింది. నందూ మెల్లగా కూర్చున్నాడు. తర్వాత, "ఎప్పుడు?" అన్నాడు.

"నువ్వు పోయిన వారానికే. మీ మొదటి మ్యాచి అయిన తెల్లారి."

"నాకు తార్ ఎందుకు రాలే?"

"నేనే వద్దన్న. కాక కొడ్త అన్నడు. నేను కొట్టనీయలే. నువ్వు ఆడాలని."

నందూ ఆమె మొహంలోకి చూశాడు. వాడి పెదవులు తెల్లబడ్డాయి.

"నేను ఆడలే అక్కా."

"ఏంది?"

"ఒక్క నిమిషం గూడ ఆడలే. కలకత్తా పిలగాడు ఆడిండు అన్ని మ్యాచిలు. నేను రెండోవాన్ని. వానికి దెబ్బ తగుల్తేనే నేను. వానికి ఏం కాలే. నేను బయట బెంచి మీద కూసున్న, గంతే."

వనమాల చేతిలోని గొడుగును పక్కన పెట్టింది.

"మా జట్టుల పంజాబ్ పిలగాడు ఒకడుండె. తల్లికి బాగలేదని తార్ అస్తే తెల్లారి విమానంలనే పంపిన్రు. వాడు మంచి ఆటగాడు, అయినా పంపిన్రు. నన్నయితే ఇంకా జల్ది పంపుతుండిరి. నాతోని వాళ్లకు ఏం పని లేకుండె."

"రెండోవాన్నని ముందే ఎందుకు చెప్పలే?"

"పేపర్ల ఫొటో పడె. బాపు మోండా అంత చెప్పుకునె. స్టేషన్ల నా కోటు తడుముతున్నడు. ఎట్ల చెప్పాలె అక్కా?"

లింబ్‌గావ్‌లో బండి ఆగింది. ఎదుటి ముసలాయన లేచి, తన నీళ్ల చెంబు నందూ చేతిలోనే పెట్టి అక్కడే దిగిపోయాడు. నందూ ఆ నీళ్లు తాగలేదు. చెంబు ఒళ్లో పెట్టుకునే నాందేడ్ దాకా వచ్చాడు.

ప్లాట్‌ఫారం మీద కుర్రాళ్లు దండలతో నిలబడ్డారు గానీ ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఒకడు వచ్చి వేశాడు. నందూ దాన్ని తీసి ఖదీర్ సాబ్ చేతిలో పెట్టి, అటు నుంచి అటే గోవర్ధన్ ఘాట్‌కు నడిచాడు. అక్కడ మంగలి దగ్గర గుండు చేయించుకున్నాడు. బాబురావ్ వెంట వచ్చాడు.

"ఎక్కడ కాకా?"

బాబురావ్ చూపించాడు. ఆ చోట ఎవరిదో నిన్నటి చితి. బూడిద నుంచి ఇంకా సన్నగా పొగ వస్తోంది. నందూ ఆ పరాయి మనిషి బూడిద వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నదిలో దిగి, నడుం లోతుకు పోయి, తండ్రి పేరు చెప్పి నీళ్లు వదిలాడు. ఎలా వదలాలో ఎవరూ చెప్పలేదు. దోసిలి పట్టి వదులుతూనే ఉన్నాడు, బాబురావ్ వెళ్లి భుజం పట్టుకునేదాకా.

మర్నాటి నుంచి దుకాణం తీశాడు. అక్కతో గొడవ పడలేదు. "అన్నం పెట్టు" అనేవాడు, "తాళంచెవి ఇగో" అనేవాడు. అంతకుమించి మాట లేదు. కొన్ని నెలలు చూసి ఒక రోజు వనమాల కంచం ముందు కూర్చుని అంది:

"తిట్టన్న తిట్టు నందూ. గిట్ల ఉండకు."

"ఏమని తిట్టాలె? నా మంచికే చేసినవ్. గందుకే తిట్టనీకె వస్తలే" అని వాడు ముద్ద కలుపుకున్నాడు.

మరుసటి ఏడు మళ్లీ ఆ పోటీలకు జట్టు కడుతున్నారు. వాడికి ఇంకా వయసు దాటలేదు. ఈసారి ఖాయంగా మొదటివాడివి నువ్వేనని చెప్పడానికి ఖదీర్ సాబ్ ఎండలో సైకిల్ తొక్కుకుంటూ దుకాణానికి వచ్చాడు. నందూ ఆయనకు చాయ్ తెప్పించాడు.

"దుకాణం ఎవరు సూస్తరు సాబ్?"

"నేను సెలవు పెడ్త" అంది అక్కడే ఉన్న వనమాల. "కాక గూడ వస్తడు."

నందూ గోనెసంచులు మడత పెడుతూనే ఉన్నాడు. "గోల్‌ల నిలబడితే ఎన్క ఎవరున్నరో సూడబుద్ధయితది సాబ్" అన్నాడు. "ముంగట వచ్చే బంతి కనబడది."

ఖదీర్ సాబ్ చాయ్ సగం తాగి లేచాడు. పిల్లవాడి చేతులను ఒకసారి పట్టుకుని చూసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడు వేరే ఊరి కుర్రాడెవరో వెళ్లాడు. పొరుగింటి రేడియో పెట్టినప్పుడు వనమాల ప్రహరీ దగ్గరికి పోలేదు.

ఇంకో ఏడాదికి ఆమె పెళ్లి కుదిరింది. వరుడు నిజామాబాద్‌లో పంతులు. వయసు కొంచెం ఎక్కువైనా నెమ్మదైన మనిషి. సంబంధం తెచ్చింది బాబురావే. పెళ్లికి ముందు ఇంటికి సున్నం వేయాలని నందూ ఒక ఆదివారం దుకాణం మూసి తనే పూనుకున్నాడు. ముందు గది అయ్యాక తండ్రి పడుకునే గదిలోకి వచ్చి, మంచం జరపడానికి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస వనమాల పట్టుకుంది. ఎత్తబోయి వాడు ఆగాడు.

"దీని మీదనేనా?"

"దీని మీదనే."

వాడు మంచం కొస వదిలేశాడు. సున్నపు చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"బాపు నా పేరే కలవరించిండని కాక అందరికి చెప్పిండట. మోండల ఎవరిని అడిగినా గదే అంటరు. నిజమేనా అక్కా?"

అవునంటే సరిపోతుంది. బాబురావ్ మాట నిలుస్తుంది, వీడికి ఇంత ఊరట దొరుకుతుంది, తను రేపు నెమ్మదిగా అత్తగారింటికి పోవచ్చు. వనమాల వాడి వైపు చూసింది. ఇరవై దాటిన మొహం మీద అప్పుడే రెండు గీతలు పడ్డాయి.

"లేదు" అంది. "నీ పేరు ఎత్తలే."

నందూ కదలలేదు.

"గొంతు ఎండుతుంది, నీళ్లు పొయ్యమన్నడు. పోసిన. మర్ఖేల్ ఊరాయన ఒకడు పగ్గాలు చెప్పిపోయిండట, అవి కట్టి పక్కకు పెట్టిన, వస్తే ఇయ్యుమన్నడు. కిటికీ తెరువుమన్నడు. తెరిచిన. ఎండ మీద పడ్తున్నదని మల్ల ముయ్యుమన్నడు. నేను ముయ్యనీకె లేచిన. మూసి తిరిగి సూసెవరకు..." ఆమె ఆగింది. "ఆడనీయున్రి అన్నది గూడ బాపు కాదు. నేనే అన్న."

గదిలో తడి సున్నం వాసన. బయట వీధిలో ఎవరో కుండలు అమ్ముతూ అరుస్తున్నారు.

"మర్ఖేలాయన అచ్చిండా?" అన్నాడు నందూ.

"అచ్చిండు. నువ్వు రాకముందే. బాపు పోయిన సంగతి తెల్వదు ఆయనకు. నేనే పోయి దుకాణం తీసి ఇచ్చిన."

నందూ నేల మీద కూర్చుండిపోయాడు. మొహాన్ని మోకాళ్లలో పెట్టుకున్నాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే ఏడ్చినంత గట్టిగా ఏడ్చాడు. ఘాట్‌లో ఏడవలేదు, రైల్లో ఏడవలేదు, ఈ రెండేళ్లలో ఎన్నడూ ఏడవలేదు. వనమాల వాడి మీద చెయ్యి వేయడానికి భయపడి, పక్కన కూర్చుంది. బకెట్లో సున్నం మీద మీగడ కట్టింది.

చాలాసేపటికి వాడు తల ఎత్తాడు. కన్నీళ్లతో సున్నం కలిసి చెంపలు తెల్లగా అయ్యాయి.

"మొదటి నుంచి చెప్పక్కా" అన్నాడు. "ఆ దినం పొద్దున లేసినప్పటి సంది."

వనమాల కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు పొద్దున తండ్రి జొన్నరొట్టె మాడిందని గొణిగిన సంగతి దగ్గర మొదలుపెట్టింది.